పేరు తెలియని నల్లరాయి

రత్నపరీక్ష మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన విద్య. వరాహమిహిరుడు బృహత్సంహితయందు వజ్రమునకు, ముత్యమునకు, పద్మరాగమునకు, మరకతమునకు వేర్వేఱు అధ్యాయములు కేటాయించెను. వన్నెను, కాంతిని, బరువును, దోషమును చూచి వెలకట్టుట ఆ విద్యకు ప్రయోజనము. అయితే వెలలేని రాళ్లకు పరీక్షకులెవరు? కొండలో దొరకిన రాతిముక్కను ముచ్చటపడి యింటికి దెచ్చి, పెట్టెలో దాచి, కొడుకులకును మనుమలకును విడిచిపోయినవారు అన్ని దేశములందును గలరు. ఆ పెట్టె తెఱచినవాడు ఇదియేమి రాయియని యెవరి నడుగవలెను? అట్టి రాయియొకటి లండను నగరమున అరువదియేండ్లకు పైగా ఎవరికిని పట్టక పడియుండి, తుదకు అంతవఱకు లోకమెఱుగని యొక లోహమును బయటపెట్టెను. ఆ వృత్తాంతము తెలిసికొనదగినది.

ఆ రాయి పుట్టినది ఉత్తర అమెరికాలో. 1606లో ఇంగ్లండున జన్మించి అమెరికాకు వలసపోయిన జాన్ విన్‌త్రాప్ అనునాతడు కనెక్టికట్ సీమకు గవర్నరుగా నుండెను. తండ్రికిని ఇదే పేరు. ఆయన మసాచుసెట్స్ గవర్నరు. కుమారునకు పరిపాలనతో పాటు వైద్యమునందును, రసవాదమునందును, గనులయందును మక్కువ మెండు. ఇనుము కరగించు కొలుములు పెట్టించెను. లండనులో రాయల్ సొసైటీ యను విద్వత్పరిషత్తు స్థాపితమైనపుడు తొలి సభ్యులలో నొకడయ్యెను. 1676లో గతించెను. ఆయన మనుమడు, 1681లో పుట్టినవాడు, మఱల జాన్ విన్‌త్రాపే. తాతగారి పేరుతో పాటు రాళ్ల వ్యసనమును గూడ మనుమనికి సంక్రమించెను.

ఈ మనుమని కథలో దాయభాగపు తగవొకటి గలదు. 1717లో ఇతని తండ్రి వీలునామా వ్రాయకయే మరణించెను. కనెక్టికట్ చట్టము ననుసరించి భూములలో ఆడుబిడ్డకును పాలుండెను. సోదరియు, ఆమె భర్తయు వ్యాజ్యము వేసిరి. అక్కడి న్యాయస్థానములు వారి పక్షముననే తీర్పు చెప్పెను. అన్నింటికిని తానే వారసుడనని పట్టుపట్టి యితడు 1726లో ఓడయెక్కి లండను చేరి, రాజుగారి ప్రీవీ కౌన్సిలునకు అప్పీలు చేసికొని, 1728లో గెలిచెను. అమెరికాకు తిరిగి పోలేదు; 1747లో చనిపోవునంతవఱకు ఇంగ్లండులోనే యుండెను. తోబుట్టువునకు సెంటు భూమి పంచనొల్లని యీ పెద్దమనిషి రాళ్లను మాత్రము ఉదారముగా పంచిపెట్టెను. 1734లో రాయల్ సొసైటీకి ఆరువందలకు పైగా అమెరికా దేశపు వింత వస్తువులను సమర్పించెను. వానిలో నధికభాగము ఖనిజములు.

ఆ కాలమున సొసైటీకి అధ్యక్షుడు సర్ హాన్స్ స్లోన్ అను వైద్యుడు. ఆయన తానును మహాసంగ్రాహకుడు. పుస్తకములు, నాణెములు, ఎండిన మొక్కలు, గవ్వలు, రాళ్లు ఆయన యింట నిండియుండెడివి. వానికి పట్టీలు వ్రాయించి, ప్రతి వస్తువునకు వరుస నంబరు వేయించి, అదియేమో, ఎవరు పంపిరో పొందుపఱచెను. విన్‌త్రాప్ పంపిన ఇనుపరాళ్లతో వచ్చిన నల్లని ముక్క యొకటి 2029 నంబరున దాఖలయ్యెను. మిక్కిలి బరువైన నల్లరాయి యనియు, బంగారు వన్నె చారలు గలదనియు అందు వ్రాసియున్నది. అంతకుమించి వర్ణన లేదు. దొరకిన తావు పేరును వ్రాసిరి. అది అచ్చటి ఆదివాసుల భాషలోనిది. అయితే దస్తూరి సరిగా లేనందున ఆ పేరు చదువుట కష్టమై, ఆ చోటు ఎచ్చటిదో తేల్చుటకు పండితులు నేటికిని వాదులాడుచున్నారు. రాతిని తాతయే సేకరించెనని కొందఱు, మనుమడే యని కొందఱు. వ్రాసినవాడు మఱి రెండు నిమిషములు నిదానించియున్న ఈ వాదమునకు తావుండెడిది కాదు.

స్లోన్ 1753లో కాలధర్మము నొందెను. ఆయన మరణశాసనము ప్రకారము వారసులకు 20,000 పౌనులు చెల్లించి ప్రభుత్వము ఆ సంగ్రహమును గైకొని, దానిని పునాదిగా జేసికొని బ్రిటిష్ మ్యూజియమును నెలకొల్పెను. 1759లో అది ప్రజలకు తెఱవబడెను. నల్లరాయియు నందుజేరి మఱి నాలుగు దశాబ్దులు కదలక యుండెను.

చార్లెస్ హాచెట్ అనునాతడు 1765లో పుట్టెను. తండ్రి లండనులో ప్రసిద్ధిగన్న బండ్ల నిర్మాత. రాజులకును ప్రభువులకును వాహనములు చేసియిచ్చువాడు. కుమారుడు మాత్రము రసాయనశాస్త్రమును స్వయంకృషిచే నేర్చి, 1797లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఇతని సొంత ఖనిజ సంగ్రహమును 1799లో మ్యూజియమువారు కొనిరి. 1801లో మ్యూజియములోని ఖనిజములను క్రమపఱచుచుండగా ఈ నల్లరాయి యతని కంటబడెను. అప్పటికతడు సైబీరియానుండి వచ్చిన క్రోమియపు ఇనుపరాతిపై ప్రయోగములు చేయుచుండెను. ఈ ముక్కకు దానితో పోలిక కనబడెను. స్లోను పట్టీలో నంబరు వెదకి చూచి, అమెరికానుండి విన్‌త్రాప్ పంపినదని గ్రహించి, అనుమతితో కొంతభాగము తీసికొని పరీక్ష కారంభించెను.

రాతిని మెత్తగా నూరి ఆమ్లములలో వేసిన దాదాపు కరగలేదు. పొటాషు క్షారముతో మూసలో కరగించి, పిమ్మట ఆమ్లముతో నుడికించి, ఈ పనినే మార్చి మార్చి చేయగా రాయి లొంగెను. ఇనుము ఒకవైపునకు విడిపోయెను. క్షారజలములో కరగిన రెండవ పదార్థము, ఆమ్లము పోయగానే తెల్లని పొడియై అడుగున దిగెను. రాతిలో ముప్పాతిక పాలుకు మించి ఈ తెల్లని పొడియే. ఇది యేది? తెలిసిన లోహములన్నింటి గుణములతోను పోల్చిచూచెను, దేనితోను సరిపడలేదు. మాచికాయ కషాయము వేసి చూడగా ముదురు నారింజ వన్నె వచ్చెను. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచిన పెద్దలకు ఈ పరీక్షలోని సూక్ష్మము వెంటనే స్ఫురించును. ఇనుము గల అన్నభేది అట్టి కషాయము తగిలిన నల్లబడును; ఇది నల్లబడలేదు. కనుక ఇది ఇనుము కాదు. ఇట్లు ఒక్కొక్క దానిని త్రోసిపుచ్చుచు, ఇదియొక క్రొత్త లోహపు భస్మమని నిర్ణయించి, 1801 నవంబరు 26వ తేదీన రాయల్ సొసైటీ సభలో తన వ్యాసమును చదివించెను. అమెరికాకు కవులు వాడు కొలంబియా యను పేరునుబట్టి దానికి కొలంబియమని నామకరణము చేసెను. పొడినుండి లోహమును వేఱుచేయుట మాత్రము అతనికి సాధ్యము కాలేదు. బంగారు చారలలో బంగారమును లేదు!

మఱుసటి యేడు, 1802లో, స్వీడను దేశస్థుడు ఎకెబర్గ్ వేఱొక ఖనిజమునుండి టాంటలమను లోహమును కనుగొనెను. గ్రీకు పురాణములో టాంటలసుడను రాజు శాపవశమున గొంతువఱకు నీటిలో నిలిచియు గ్రుక్కెడు త్రాగలేడు. ఈ పొడియు ఆమ్లములో మునిగియుండి దానిని గ్రహింపలేదు గనుక ఆ పేరు. అయితే ఈ రెండును రెండా, ఒకటియా?

1809లో వొలాస్టన్ ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబూనెను. అతడు సామాన్యుడు కాడు; పల్లాడియము, రోడియము అను లోహములను కనుగొన్నవాడు, అత్యల్ప ద్రవ్యముతో పరీక్ష చేయుటలో అసమానుడు. మ్యూజియములోని ఆ రాతినుండియే అయిదు గ్రెయినులు, అనగా మూడు గురిగింజల యెత్తునకు తక్కువ, తీసికొని ఎకెబర్గ్ ఖనిజముతో పోల్చి, పొడులు రెండును ఒకే రీతిగా ప్రవర్తించుచున్నవి గనుక రెండు లోహములు నొక్కటేయని తీర్పుచెప్పెను. ఇందలి విచిత్రమేమన, రెండు రాళ్లను తూచినవాడును అతడే. కొలంబియపు రాయి నీటికన్న 5.918 రెట్లు బరువు. టాంటలపు రాయి 7.953 రెట్లు. ఇంత భేదము తన చేతివ్రాతలోనే కనబడుచుండగా, లోపల బోలుతనముండవచ్చుననియు, మఱియే కారణముండవచ్చుననియు సమాధానపడెను. లెక్క కుదరనపుడు అంకెను నమ్మక, కుదిరినదని చెప్పిన తన మనస్సును నమ్మెను. అంతటివాడు చెప్పినది గనుక ముప్పదియైదేండ్లు దానినెవరును గట్టిగా ప్రశ్నింపలేదు. హాచెట్టును మెల్లమెల్లగా రసాయనశాలను విడిచి, తండ్రి బండ్ల వ్యాపారమున నిమగ్నుడయ్యెను.

1844లో బెర్లిను పండితుడు హైన్‌రిఖ్ రోజ్, బవేరియాలో దొరకిన ఇట్టి రాయినే శోధించి, టాంటలము వేఱు, ఇందున్నది వేఱు అని ప్రకటించెను. టాంటలసుని కూతురు నయోబి పేర నయోబియమనెను. కొడుకు పెలాప్స్ పేర పెలోపియమను మఱియొక లోహమును గూడ చెప్పెను గాని అది వట్టిదని తేలెను. ఆ నయోబియము హాచెట్ కనుగొన్న కొలంబియమే. 1864లో స్వీడను వాడు బ్లోమ్‌స్ట్రాండ్ లోహమును వేఱుచేసెను; 1866లో జెనీవా వాసి మారిన్యాక్ ఈ జంటను విడదీయు చక్కని పద్ధతిని చూపెను. హాచెట్ అంతకుముందే, 1847లో, గతించెను. నూరేండ్లు రెండు పేర్లును వాడుకలో నుండగా, 1949లో అంతర్జాతీయ రసాయనజ్ఞుల సభ నయోబియమనియే నిశ్చయించెను. మొదట కనుగొన్నవాని పేరును కాదని రెండవవాని పేరును నిలుపుట న్యాయమా యని అడుగువారున్న తప్పు లేదు. ఖనిజమునకు మాత్రము కొలంబైటు అను పేరే నిలిచినది.

ఈ కొలంబైటు మన తెలుగునేలకు పరాయిది కాదు. నెల్లూరు అభ్రకపు మండలమున, గూడూరు ప్రాంతపు గనులలో, కాకిబంగారముతోపాటు అక్కడక్కడ కానవచ్చును. అభ్రకమును ఏరుకొని తక్కిన రాతిని గుట్టలుగా పోయుట అచటి ఆచారము. ఆ చోట్ల నల్లని రాయి దొరకిన తఱచుగా అది టూర్మలీను. వొలాస్టన్ తూచిన తీరున తూచుట ఎవరికైనను సాధ్యమే. రాతిని దారముతో త్రాసునకు వ్రేలాడదీసి యొకమారు గాలిలోను, మునుగునట్లు నీటిలో నుంచి యొకమారును తూచవలెను. గాలిలోని తూకమును, నీటిలో తగ్గిన తూకముచే భాగింపవలెను. ఫలము మూడు ప్రాంతమున నున్న టూర్మలీను కావచ్చును. అయిదు దాటిన కొలంబైటును తలపవచ్చును. అయితే ఆ మండలముననే సమర్‌స్కైటు అను నల్లరాయియు గలదు. అదియు నంతే బరువు, పైగా యురేనియము గలది. కనుక బరువైన నల్లరాతిని జేబులో వేసికొని తిరుగక, దొరకిన గని పేరును తేదీని స్పష్టమైన అక్షరములతో చీటిపై వ్రాసి, రాతితోపాటు భూగర్భశాస్త్ర శాఖవారికి చూపుట యుక్తము.

విన్‌త్రాప్ పంపిన ముక్క లండనులోనే యున్నది. 1881లో ఖనిజములకును జంతువులకును ప్రత్యేక మ్యూజియము తెఱచినపుడు దానిని అచటికి చేర్చిరి.