కార్చిచ్చులు: ఊళ్లకు ఊళ్లనే బూడిద చేసిన మంటలు

అడవిలోనో, ఎండుగడ్డి మైదానంలోనో పుట్టి, గాలి తోడై అదుపు తప్పే మంటనే కార్చిచ్చు అంటారు. అడవి కాలడం కొత్తేమీ కాదు. ఆ మంట జనం ఉన్న ఊరి మీదికి వచ్చినప్పుడే అసలు నష్టం మొదలవుతుంది.

నమోదైన చరిత్రలో ఎక్కువ ప్రాణాలు తీసినది అమెరికాలోని పెష్టిగో కార్చిచ్చు. విస్కాన్సిన్ రాష్ట్రంలో కలప మీద బతికే పట్టణమది. ఆ ఏడాది వానల్లేవు. భూమి చదును చేయడానికి చెట్లు నరికి నిప్పు పెట్టడం అక్కడ మామూలే. 1871 అక్టోబర్ 8 రాత్రి పెనుగాలికి ఆ మంటలన్నీ ఏకమయ్యాయి. జనం నదిలోకి దూకారు. కనీసం 1,200 మంది చనిపోయారు, 2,500 దాకా ఉండొచ్చని కూడా అంచనా. గుర్తుపట్టేవాళ్లు మిగలక దాదాపు 350 మందిని ఒకే గోతిలో పూడ్చారు. అయినా ఈ ఘోరం చాలామందికి తెలియదు, ఎందుకంటే అదే రాత్రి చికాగో నగరం కూడా తగలబడింది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న 173 మంది బలయ్యారు. ఆ రోజు మెల్‌బోర్న్‌లో ఎండ 46.4 డిగ్రీలు. వీరిలో 119 మందిని చంపిన కిల్మోర్ ఈస్ట్ మంట తెగిపడిన కరెంటు తీగ వల్ల పుట్టింది. 'ఇంట్లోనే ఉండి మంటను ఎదుర్కోండి, లేదా ముందే వెళ్లిపోండి' అన్న ప్రభుత్వ సలహాను ఆ తర్వాత మార్చాల్సి వచ్చింది.

కాలిఫోర్నియాలోని పారడైజ్‌ను కూడా కరెంటు తీగే కాల్చింది. పీజీ అండ్ ఈ కంపెనీ హైటెన్షన్ లైన్‌లో, దాదాపు వందేళ్లనాటి ఇనుప కొక్కెం ఒకటి అరిగి విరిగింది. 2018 నవంబర్ 8 ఉదయం పుట్టిన ఆ మంట కొన్ని గంటల్లోనే ఊరిని చుట్టేసింది. చాలామందికి హెచ్చరిక అందనే లేదు. బయటికి దారులు కొన్నే కావడంతో కార్లు బారులు తీరి ఆగిపోయాయి. కొందరు కార్లు వదిలేసి పరుగెత్తారు. 85 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లే. 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. పొగ బే ఏరియా దాకా వెళ్లి అక్కడ స్కూళ్లు మూతపడ్డాయి. ఆ ప్రాంతంలో ఉంటున్న తెలుగు కుటుంబాలూ ఆ రోజుల్లో తలుపులు బిగించుకుని గడిపాయి.

ఆ తర్వాతి లెక్క కూడా చూడాలి. 2020లో కంపెనీ 84 మంది మరణాలకు కోర్టులో నేరం ఒప్పుకుంది. జరిమానా సుమారు 35 లక్షల డాలర్లు. ఎవరూ జైలుకు వెళ్లలేదు. ఈ మంటతోపాటు అంతకుముందు ఏళ్లలో జరిగిన మంటల బాధితుల కోసం 1,350 కోట్ల డాలర్ల నిధి ప్రకటించారు గానీ, అందులో సగం కంపెనీ షేర్ల రూపంలోనే ఇచ్చారు. అంటే ఇల్లు పోయినవాళ్ల పరిహారం, ఆ ఇల్లు కాల్చిన కంపెనీ షేరు ధర మీద ఆధారపడింది! ధర అనుకున్నంత పెరగకపోవడంతో రావాల్సిన సొమ్ము పూర్తిగా చేతికి రాలేదు.

2023 ఆగస్టు 8న హవాయిలోని లహైనాలో వందమందికి పైగా చనిపోయారు. అక్కడా కరెంటు లైన్లే కారణం. సునామీ కోసం పెట్టిన సైరన్లు ఉన్నా మోగించలేదు.

మంటకు ముందు పారడైజ్‌లో సుమారు 26 వేల మంది ఉండేవారు. 2020 జనాభా లెక్కల్లో తేలింది 4,764 మంది.