సీడెడ్ నుంచి వెల్లింగ్టన్ దాకా

యూరప్ యాత్ర చేసి వచ్చిన మన పెద్దవాళ్లను ఒక్కసారి కదిపి చూడండి. లండన్ గడియార స్తంభం, పారిస్ ఇనుప గోపురం, రోములో కూలిన రాతి గోడలు అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ముందు గొడుగు పైకెత్తి నడిచే గైడు, వెనకాల ముప్పై మంది, మధ్యాహ్నానికి పులిహోర పొట్లాలు. అదే పెద్దవాళ్లు న్యూజీలాండ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, "ఇక్కడ కొండలూ గొర్రెలూ బాగున్నాయి గానీ, చూడ్డానికి చరిత్ర ఏముంది నాయనా?" అంటారు.

ఈ ప్రశ్నకు నాకు తోచిన జవాబే ఈ వ్యాసం. నేను చరిత్రకారుణ్ణి కాను. చదివింది సివిల్ ఇంజనీరింగు, బతుకుతున్నది సాఫ్ట్‌వేర్ మీద. పుట్టింది కడప జిల్లాలో. ఆమధ్య మా తెలుగు కుటుంబాలూ, ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నలూ కలిసి పాతిక మందిమి గైడును పెట్టుకుని, న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌ను ఒక పూటంతా కాలినడకన చూశాం. గైడమ్మ చక్కగా చెప్పింది. కానీ ఆమె చెప్పిన కథలో మనవాళ్లకు మాత్రమే తట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ ఒకటి రెండు వాక్యాలు కలుపుకుంటే ఈ ఊరి చరిత్ర మన గడప దాకా వస్తుంది.

ఊరికి పేరు పెట్టినది ఎవరిని చూసి?

నడక రైల్వే స్టేషను ముందు మొదలైంది. అక్కడ 2007లో నిలబెట్టిన గాంధీ విగ్రహం ఉంది. ఫోటోలు తీసుకోవడం అయ్యాక గైడమ్మ అసలు కథ అందుకుంది. ఈ రేవును మావోరీలు 'తే ఫంగనుయి-ఆ-తారా' అంటారు. తారా అనే పూర్వీకుడి పేరు మీద, 'తారా వారి మహా రేవు' అని అర్థం. (మన తారకూ దీనికీ ఏ సంబంధమూ లేదని పిల్లలకు చెప్పాల్సి వచ్చింది.) లండన్‌లో పెట్టిన న్యూజీలాండ్ కంపెనీ 1839లో ఇక్కడ భూమి కొన్నామని చెప్పుకుంది. 1840 జనవరిలో 'అరోరా' అనే ఓడ మొదటి వలసదారులను రేవు అవతలి ఒడ్డున, ఇప్పటి పిటోనీలో దింపింది. తరువాత ఊరు ఈ ఒడ్డుకు మారింది. కంపెనీవారు దానికి వెల్లింగ్టన్ డ్యూకు పేరు పెట్టారు. 1865లో రాజధాని ఆక్లండ్ నుంచి ఇక్కడికి వచ్చింది.

"వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన సేనాని" అని గైడమ్మ ఒక్క ముక్కలో పరిచయం చేసి ముందుకు సాగింది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం అక్కడే ఆగి, "ఈయనకూ మనకూ ఏమైనా ఉందా బాబూ?" అని అడిగారు. ఉంది బాబాయ్ గారూ, చాలా ఉంది అన్నాను.

వాటర్లూ 1815 నాటి మాట. అంతకు చాలా ఏళ్ల ముందు ఆయన ఉత్త ఆర్థర్ వెల్లస్లీ. 1797లో భారతదేశానికి వచ్చాడు. మరుసటి ఏడే ఆయన అన్న రిచర్డ్ వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా దిగాడు. 1798లో హైదరాబాద్ నిజాం ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం హైదరాబాద్‌లో ఉంటుంది, ఖర్చు నిజాం భరించాలి. 1799లో టిప్పు సుల్తాను మీదికి నిజాం సైన్యం శ్రీరంగపట్నం వెళ్లినప్పుడు దానికి తోడుగా నడిచిన తెల్ల పటాలం ఈ ఆర్థర్ వెల్లస్లీదే. టిప్పు పడిపోయాడు. ఆయన రాజ్యంలో నిజాంకు వాటా వచ్చింది. మరుసటి ఏడే, 1800లో, ఆ కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం 1792లోనూ 1799లోనూ తనకు దక్కిన సీమను కంపెనీకే రాసిచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. వీటికే 'దత్త మండలాలు' అని పేరు. ఇంగ్లీషులో సీడెడ్ డిస్ట్రిక్ట్స్.

'సీడెడ్' అనగానే మా గుంపులో కుర్రాళ్లు తలెత్తారు. సినిమా విడుదలైతే "నైజాంలో ఇంత, సీడెడ్‌లో ఇంత" అని వసూళ్లు లెక్కలేసే మాట అదే మరి! 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అనే అందమైన పేరు వచ్చింది. అయినా సినిమా వ్యాపారం ఇప్పటికీ వెల్లస్లీ కాలం నాటి మాటనే వాడుతోంది. రాసిచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ తప్ప, ఆ నేల మీద ఉన్నవాళ్లకు ఆ మాటతో పని లేదు. వాళ్లను ఎవరూ అడగలేదు.

వెల్లింగ్టన్ డ్యూకు న్యూజీలాండ్‌లో ఎన్నడూ కాలు పెట్టలేదు. మన సీమ సరిహద్దులను మార్చిన యుద్ధాల్లో మాత్రం స్వయంగా ఉన్నాడు. ఆ లెక్కన ఈ ఊరి పేరుతో ఈ ఊరివాళ్ల కంటే మనకే ముందు పరిచయం. ఇదే స్టేషను నుంచి జాన్సన్‌విల్ వెళ్లే రైలెక్కితే 'సిమ్లా క్రెసెంట్' అనే స్టేషను వస్తుంది. ఆ ఖండాలా పేటలో గంగా, ఢిల్లీ, ఆగ్రా, మద్రాసు పేర్లతో వీధులున్నాయి. అప్పట్లో సామ్రాజ్యం ఒకటే. పేర్లు ఒక చోట నుంచి మరో చోటికి ఓడల్లో పోయేవి.

కాలి కింద సముద్రం

అక్కడి నుంచి రోడ్డు దాటితే పాత ప్రభుత్వ భవనం. దూరం నుంచి చూస్తే రాతి కట్టడం. దగ్గరికెళ్లి తడితే చెక్క! 1876లో కట్టిన ఈ భవనం ప్రపంచంలోని అతి పెద్ద చెక్క భవనాల్లో ఒకటి. 1848, 1855 భూకంపాల్లో ఇటుక గోడలు ఏమయ్యాయో చూసినవాళ్లు కట్టిన ఊరిది. 1855 భూకంపం తీవ్రత 8 దాటింది. రేవు ఒడ్డు మనిషి నడుము ఎత్తుకు పైగా లేచింది. తరువాత సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు. ఈనాడు దుకాణాలతో కిటకిటలాడే లాంబ్టన్ కీ 1840లో సముద్రపు ఒడ్డు. 'ఒడ్డు ఇక్కడ ఉండేది' అని కాలిబాటలో ఇత్తడి పలకలు పొదిగారు. మా అమ్మాయి ఒక పలక మీద నిలబడి, "ఇప్పుడు నేను బీచ్‌లో ఉన్నాను" అంది.

సివిల్ ఇంజనీర్లకు ఇక్కడ ఇంకో మాట. ఎదురుగా ఉన్న పార్లమెంటు భవనాన్ని 1990లలో పునాదుల దగ్గర కోసి, సీసమూ రబ్బరూ కలిపిన దిమ్మెలు 400కు పైగా అమర్చి, వాటి మీద నిలబెట్టారు. నేల ఊగితే దిమ్మె సాగుతుంది, భవనం నిమ్మళంగా ఉంటుంది. ఈ దిమ్మెను కనిపెట్టిన బిల్ రాబిన్సన్ ఈ దేశంవాడే. నేల కదులుతుందని ఒప్పుకుని కట్టడం ఈ ఊరి ఇంజనీరింగు.

రెండు భాషల ఒప్పందం

పార్లమెంటు ఎదుట నేషనల్ లైబ్రరీ. లోపల చీకటి గదిలో మూడు పత్రాలు ఉన్నాయి. వాటిలో ఒకటి 1893 నాటి మహిళల ఓటు హక్కు అర్జీ. దేశం మొత్తం మీద స్త్రీలకు ఓటు ఇచ్చిన మొదటి స్వపరిపాలన దేశంగా న్యూజీలాండ్‌కు పేరు తెచ్చింది అదే. మా ఆడవాళ్లు ఆ సంతకాల దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

అయితే ఎక్కువ సేపు చూడవలసింది 1840 ఫిబ్రవరి 6న మొదలైన వైతాంగి ఒప్పందం. 500 మందికి పైగా మావోరీ పెద్దలు సంతకాలు చేశారు, దాదాపు అందరూ మావోరీ ప్రతి మీదనే. ఇంగ్లీషు ప్రతి సార్వభౌమాధికారం రాణికి అప్పగించామంటుంది. మావోరీ ప్రతి 'కావనతంగా', అంటే గవర్నరు చేసే పాలన, ఇచ్చామంటుంది. తమ నేల మీద, ఊళ్ల మీద, విలువైన వాటన్నిటి మీద పెద్దరికం తమదేనంటుంది. మా సాఫ్ట్‌వేర్‌వాళ్ల భాషలో చెప్పాలంటే ఒకే ప్రాజెక్టుకు రెండు స్పెసిఫికేషన్లు. కట్టినవాడు ఒకటి చూసి కట్టాడు, ఒప్పుకున్నవాడు ఇంకొకటి చూసి ఒప్పుకున్నాడు. ఇటువంటి ప్రాజెక్టు ఎలా ముగుస్తుందో మనలో చాలామందికి అనుభవమే.

ఇక్కడ ముగిసింది తుపాకులతో. కంపెనీ కొన్నానన్న భూమి మాది అని మావోరీలు అడ్డం తిరిగారు. 1846లో వెల్లింగ్టన్ పక్కన హట్ లోయలో పోరాటం జరిగింది. ఆ ఏడాదే గవర్నర్ గ్రే మనుషులు తే రౌపరాహా అనే పెద్దను తెల్లవారకముందే ఇంట్లో పట్టుకుని, విచారణ లేకుండా ఓడలో బంధించారు. ఆల్ బ్లాక్స్ ఆటగాళ్లు రగ్బీ మైదానంలో ఆడే 'కా మాతే' హాకాను కట్టినది ఈయనే.

1846 అనగానే నాకు ఇంకో చోటు గుర్తొచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే దత్త మండలాల్లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. కంపెనీ పాలెగాళ్ల అధికారాలు లాక్కుని భరణాలకు కుదించి, చివరికి వాటినీ కోసేసిన ఫలితం అది. 1847లో కోయిలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారు. అక్కడా కంపెనీయే, ఇక్కడా కంపెనీయే. ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు సీమలు ఒకే ఏడాది ఒకే మాట అన్నాయి. మన పిల్లలు బళ్లో తే రౌపరాహా గురించి చదువుతారు. వాళ్లకు ఇంట్లో నరసింహారెడ్డి గురించి చెప్పేది మనమే.

కథ అక్కడితో ఆగలేదు. 1975లో వైతాంగి ట్రిబ్యునల్ ఏర్పడింది. వెల్లింగ్టన్ రేవు భూముల విషయంలో ప్రభుత్వం తప్పు ఒప్పుకుని చేసుకున్న పరిష్కారం 2009లో చట్టమైంది. 170 ఏళ్ల నాటి కాగితాన్ని తిరిగి తెరిచి లెక్క చూసుకోవడం చిన్న విషయం కాదు.

యానాం తాకి వచ్చిన ఓడ

నడక సముద్రపు ఒడ్డున తే పాపా మ్యూజియం దగ్గర ముగుస్తుంది. తెలుగువాళ్లు అక్కడి సంగ్రహంలోని రెండు వస్తువుల గురించి తెలుసుకోవాలి.

మొదటిది ఒక లంగరు. 1769లో ద సుర్విల్ అనే ఫ్రెంచి కెప్టెను బెంగాల్ నుంచి బయలుదేరి, దారిలో యానాం, మచిలీపట్నం, పుదుచ్చేరి రేవుల్లో సరుకు ఎక్కించుకుని, భారతీయ నావికులతో సహా పసిఫిక్‌లోకి వచ్చాడు. ఆ డిసెంబరులో న్యూజీలాండ్ ఉత్తరాన డౌట్‌లెస్ బేలో లంగరు వేశాడు. కెప్టెన్ కుక్ కూడా ఆ రోజుల్లో అదే సముద్రంలో ఉన్నాడు, ఒకరికొకరు కనబడకుండా దాటిపోయారు. తుపానులో సుర్విల్ ఓడ లంగర్లు తెగిపోయాయి. 1974లో కెల్లీ టార్ల్‌టన్ అనే ఈతగాడు వాటిని సముద్రం అడుగున కనిపెట్టాడు. వాటిలో ఒకటి తే పాపాకు వచ్చింది. గోదావరి పాయ ఒడ్డునా, మన బందరులోనూ ఆగిన ఓడ లంగరు వెల్లింగ్టన్‌లో ఉందన్నమాట!

ఇది వినగానే మనకు ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ మిగతా సగం కూడా చెప్పుకోవాలి. ఒడ్డున మావోరీలు ఆ ఓడవాళ్లకు నీళ్లూ తిండీ ఇచ్చారు. కొట్టుకుపోయిన చిన్న పడవ విషయంలో తగాదా వచ్చి సుర్విల్ గుడిసెలు తగలబెట్టించి, రంగినుయి అనే పెద్దను బంధించి ఓడలో తీసుకుపోయాడు. మూడు నెలలకు ఆయన నడిసముద్రంలో స్కర్వీ జబ్బుతో చనిపోయాడు. మన రేవుల్లో సరుకెత్తుకున్నదీ ఆ ఓడే.

రెండోది తమిళ గంట. 1836 ప్రాంతంలో మతబోధకుడు విలియం కొలెన్సో, మావోరీ స్త్రీలు బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంటున్న కంచు పాత్రను చూసి ఆశ్చర్యపోయాడు. అది పగిలిన గంట. అంచు చుట్టూ తమిళ అక్షరాలు. మొహియుద్దీన్ బక్ష్ అనే పేరు గల ఓడ గంట అని వాటి భావం. ఇది ఎలా వచ్చిందన్న దాని మీద కథలు బోలెడు. "మనవాళ్లే ముందు కనిపెట్టారు" అని ఫార్వర్డ్ మెయిళ్లూ తిరుగుతుంటాయి. గంట వచ్చిందంటే గంట వచ్చిందనే. మనుషులు దానితోనే వచ్చారా, ఖాళీ ఓడ కొట్టుకొచ్చిందా, చేతులు మారుతూ వచ్చిందా అన్నది అది చెప్పదు. ఉన్న ఆధారం మేరకే మాట్లాడటం ఇంజనీర్లకు అలవాటు. చరిత్రలోనూ అది పనికొస్తుంది.

మనం ఏం చెప్పాలి?

ఉత్తరాదిన ఒకప్పుడు కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవారు. మొదట వెళ్లిన సిపాయిల్లో తెలుగు నేల వాళ్లు ఎక్కువ కావడం వల్ల వచ్చిన పేరది. అంటే వెల్లస్లీల కాలంలో మనవాళ్లు సీమ పోగొట్టుకున్న వైపూ ఉన్నారు, తుపాకీ పట్టిన వైపూ ఉన్నారు. న్యూజీలాండ్‌లో ఇల్లు కొనుక్కున్న మనం కూడా అలాగే రెండు వైపులా ఉన్నాం. వలస పాలన తిన్న జాతి బిడ్డలం, వలస పాలన పంచిన నేల మీద కాపురం ఉంటున్నవాళ్లం. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, మరిచిపోవాల్సిందీ లేదు.

ఈ మహాసభలకు వచ్చిన మీలో ఎవరైనా వెల్లింగ్టన్ వెళితే ఆ నడక తప్పకుండా నడవండి. మీ అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లండి. గైడు చెప్పేది శ్రద్ధగా వినండి. ఊరి పేరు దగ్గర దత్త మండలాలను, ఒప్పందం దగ్గర ఉయ్యాలవాడను, లంగరు దగ్గర యానాంనూ రంగినుయినీ మీ పిల్లలకు తెలుగులో చెప్పండి. తారా పేరును కూడా సరిగ్గా పలకడం నేర్పండి. సుర్విల్, వెల్లస్లీల కంటే ముందు ఈ రేవుకు ఉన్న పేరది.