జ్వరం దాటించిన చేతులు

ధర్మవరం పట్టుచీర చరిత్ర చెప్పేవారు మగ్గం దగ్గర మొదలుపెడతారు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ గురించి రాసేవారు ధరల దగ్గర మొదలుపెడతారు. పెనుకొండ పేరు వస్తే 1565 తరువాత విజయనగర రాజులు రాజధానిని అక్కడికి తరలించిన సంగతి చెప్పి ఊరుకుంటారు. ఈ మూడు ఊళ్లనూ కలిపిన పట్టు కథలో పురుగును సాకిన మనుషులకు చోటు తక్కువ. ఈ సీమలో పట్టు ఎంత ఎదిగింది, ఎక్కడ ఆగింది అన్నది పాలకులకన్నా, వ్యాపారులకన్నా పురుగును ఆరోగ్యంగా చర్మం విడిపించగలిగిన నేర్పు మీదే ఎక్కువగా ఆధారపడిందని నా వాదన.

పట్టుపురుగు గుడ్డు నుంచి బయటపడింది మొదలు గూడు కట్టేలోపు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. సాకేవాళ్లు దీన్ని జ్వరం అంటారు. అప్పుడు పురుగు మేత మానేసి, తల పైకెత్తి, ఇంచుమించు ఒక రోజు కదలకుండా ఉంటుంది. ఆ రోజు చేయాల్సిన పనులకన్నా చేయకూడనివే ఎక్కువ. ఆకు వేయకూడదు, పడకను కదిలించకూడదు, తేమ నిలవనివ్వకూడదు. అంతకుముందు మేత సమంగా అందకపోతే కొన్ని ముందు కూర్చుంటాయి, కొన్ని వెనకబడతాయి. తొందరపడి లేచినవాటికి మేత వేస్తే, ఇంకా లేవనివి ఆకుల కింద పడి నలుగుతాయి. అందుకే పడక మీద సన్నగా సున్నం చల్లి, నూటికి తొంభైకి పైగా లేచేదాకా ఆగుతారు. గాలి మరీ పొడిబారితే మరో చిక్కు: పాత చర్మం పూర్తిగా ఊడక తోక దగ్గర బిగిసిపోయి పురుగు చనిపోతుంది. గ్రాసరీ అనే వైరస్ రోగం సోకినవి జ్వరానికి కూర్చోకుండా తట్ట అంచుల వెంట తిరుగుతాయి. తర్వాత ఒళ్లు ఉబ్బి, పాలలాంటి ద్రవం కారుతుంది. జ్వరం రోజున తట్టను శ్రద్ధగా చూసేవాళ్లకు పంట ఎలా రాబోతోందో చాలావరకు అప్పుడే తెలిసిపోతుంది.    చర్మం విడిచే ప్రాణిని ఇంట్లో సాకే విద్య ఈ ప్రాంతంలో పట్టుపురుగు వెంటే పెరిగింది.

మైసూరు రాజ్యంలో పట్టుపురుగుల పెంపకాన్ని పాదుకొల్పింది టిప్పు సుల్తాన్. హైదర్, టిప్పుల ఏలుబడి చూసిన ఈ సీమ 1800లో దత్త మండలాల్లో భాగంగా ఆంగ్లేయుల చేతికి వెళ్లింది. కాబట్టి పట్టుకు మూలం రాజకీయమే కదా, పురుగు సంరక్షణకు అంత పెద్దపీట ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. మైసూరు పొరుగు దారి చూపిందనడం సబబే. అయితే దారి చూపడం వేరు, ఆ పని నిలబడడం వేరు. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఉన్న హిందూపురం బెంగళూరు పీఠభూమికి కొనసాగింపు, అక్కడి రాత్రులు చల్లన. పురుగుకు కావాల్సింది సుమారు 23 నుంచి 28 డిగ్రీల వేడి. చిత్రావతి ఒడ్డున, చాలా దిగువన ఉన్న ధర్మవరంలో ఎండ ఎక్కువ. ధర్మవరం చుట్టూ మల్బరీ లేకపోలేదు. అయినా ఆ ఊరికి పేరు తెచ్చింది మగ్గం, హిందూపురానికి పేరు తెచ్చింది గూడు. ఒకే పరిశ్రమ రెండు ఊళ్ల మధ్య ఇలా విడిపోవడంలో పురుగు ఓర్చుకోగల వేడికి పెద్ద పాత్రే ఉంది.

తొలినాళ్లలో సాకిన మైసూరు జాతి మొండిది. మనుషులుండే ఇంట్లోనే, వంటపొగకు ఓ పక్కగా పెట్టిన తట్టల్లోనే బతికేది. ఆకు కోసి, తరిగి, రాత్రి మేత వేసి, పడక మార్చే పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లది. కానీ దాని గూడు చిన్నది, దారం సుమారు 400 మీటర్లకు మించదు. బైవోల్టిన్ అనే మరో రకం పురుగు గూటి నుంచి 1,000 మీటర్ల దాకా వస్తుంది. అయితే బైవోల్టిన్ సుకుమారి, ఏ చిన్న లోపాన్నీ క్షమించదు. 1991లో జపాన్ సహకారంతో బైవోల్టిన్ పథకం మొదలైనప్పుడు కొత్త జాతితోపాటు కొత్త క్రమశిక్షణ కూడా వచ్చింది. వేరుగా షెడ్డు, రోగక్రిమి నాశనం, కొమ్మలతోనే మేత. అంతకుముందే, 1980లో బెంగాల్ నుంచి కర్ణాటకకు చేరిన, పట్టుపురుగులకు హాని చేసే ఊజీ ఈగ, కిటికీలకు వల కట్టాలన్న పాఠం నేర్పింది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మార్పు చాకీ కేంద్రం. లేత పురుగులను అక్కడ నేర్పరులు రెండో జ్వరం దాటించి రైతుకు అప్పగిస్తారు. అంటే ఒక వృత్తిని రెండుగా విడదీసిన గీత సరిగ్గా ఒక చర్మం ఊడిన చోట పడింది!

ఇక మందులు, పైపూతలు. మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ తయారుచేసిన ‘విజేత’ పొడిని పడక మీద చల్లుతారు. పురుగులన్నీ ఒకేసారి గూటికి వచ్చేందుకు మొక్కల నుంచి తీసిన, ఎక్డైసోన్ హార్మోను తరహా ‘సంపూర్ణ’ను వాడతారు. ఆ హార్మోను కథ కూడా పట్టుపురుగుదే. 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ సుమారు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ వేరుచేశారు. కీటకాల చర్మం మార్పును నడిపేది అదేనని అలా తేలింది. ఇదంతా శాస్త్రవేత్తల ఘనతే, ఇంట్లో సాకినవాళ్ల నేర్పు ఏముంది అనేవారున్నారు. ఫ్రాన్స్‌లో పాస్టర్ 1865 నుంచి పెబ్రిన్ రోగాన్ని శోధించి, తల్లి పట్టుచిలుకను సూక్ష్మదర్శినిలో పరీక్షించే పద్ధతి చూపాడు. అది లేకుండా నేటి గుడ్ల కేంద్రాలు లేవు. కానీ ఏ పొడీ నాసి ఆకుకు బదులు కాదు. మట్టి పట్టిన ఆకు, ముదిరిన ఆకు వేసి పొడులతో సరిదిద్దుదామనుకుంటే జరగదు. ఎప్పుడు ఆకు ఆపాలో, ఎప్పుడు వేయాలో తేల్చేది తట్ట ముందు నిలబడ్డ మనిషే.

చైనా పట్టు దిగుమతులు, ధరల ఒడుదొడుకులే రైతు తలరాత రాశాయి, సాకుడు ఏం చేయగలదు అన్న ఆక్షేపణ అన్నిటికన్నా బలమైనది. ధర పడినప్పుడు మంచి గూడు తెచ్చినవాడూ నష్టపోతాడు, ఆ బాధను తక్కువ చేయలేం. అయినా దేశీయ మగ్గాలు పడుగుకు చాలాకాలం చైనా పట్టు కోరడానికి ఒక కారణం, దాని దారం సమంగా, తెగకుండా రావడమే. ఆ సమత్వం ఆరోగ్యంగా చర్మం విడిచి ఎదిగిన పురుగు నుంచే వస్తుంది. దిగుమతికి జవాబు సుంకంలో కొంత ఉంటే, మిగతాది షెడ్డులో ఉంది. హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది, ధర్మవరం చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ చీర చరిత్రను ఇకపై రాసేవారు నేతగాడి పక్కన, హిందూపురం, పెనుకొండ పల్లెల్లో రాత్రిళ్లు మేల్కొని పురుగులను జ్వరం దాటించిన ఆడవాళ్ల అనుభవాన్ని కూడా అడిగి నమోదు చేయాలి.