జోడించని చేతులు

ఆ కంప ఇటు జరుపు తల్లీ. పచ్చిది, పొగొస్తోంది. తాటిమట్టలు వెయ్యి, చప్పున అంటుకుంటాయి. ఆ దుంగల జోలికి మాత్రం పోకు. భోగికని దాచింది మీ బామ్మ, ఇప్పుడే తగలేశామంటే ఊరుకోదు.

పొద్దున గుడి మెట్ల మీద నువ్వన్న మాటకి నేను బదులు చెప్పలేదు. చెవిన పడలేదనుకున్నావేమో. పడింది. "నమ్మాలనే ఉంది తాతయ్యా, నమ్మకమే కుదరట్లేదు" అన్నావు. అంటున్నప్పుడు నీ గొంతులో ఏదో తప్పు చేసినట్టు బెదురుంది. ఆ బెదురు నాకు బాగా తెలుసమ్మా. నలభై ఎనిమిదేళ్ళుగా నాతోనే తిరుగుతోంది. మీ నాన్నకి ఎప్పుడూ చెప్పలేదు. మీ బామ్మకి సగం తెలుసు. నీకు మొత్తం చెప్తాను, కూర్చో.

ఉప్పెన సంగతి నువ్వు వినే ఉంటావు. ఏటా నవంబరు 19న స్థూపం దగ్గర పూలు పెడతారు, మర్నాడు పేపర్లో ఫొటో వేస్తారు. మా ఈడువాళ్ళం ఇప్పటికీ ఎవరు ఎప్పుడు పుట్టారో చెప్పాలంటే ఉప్పెనకి ముందా, తర్వాతా అనే లెక్క చూస్తాం. 1977, శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. కార్తీక మాసం. ఏ ఇంట్లో చూసినా తులసికోట దగ్గర దీపం వెలిగే రోజులు.

మా ఊరు కోడూరుకి దిగువన. హంసలదీవి మాకు దగ్గరే. అక్కడ కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమంలో మునిగి కాకి హంసయిందని కథ. మాఘ పౌర్ణమికి అమ్మ మమ్మల్ని బండి కట్టించుకుని తీసుకెళ్ళేది. సముద్రస్నానం చేసి, వేణుగోపాలస్వామి కళ్యాణం చూసి, చెరుగ్గడ కొనుక్కుని వచ్చేవాళ్ళం. సముద్రమంటే మాకు భయం తెలీదు. దణ్ణం పెట్టుకునే చోటు అది మాకు.

శుక్రవారం రాత్రికే గాలి లేచింది. శనివారం మధ్యాహ్నానికి ఇంటి మీద తాటాకు నిలవలేదు, మట్టిగోడలు నాని కూలడం మొదలైంది. నాన్న మోకు తెచ్చి అమ్మనీ నన్నూ చెరువుగట్టు మీది తాడిచెట్టుకి కట్టాడు. నాకప్పుడు పదిహేడేళ్ళు. చెల్లి తొమ్మిదేళ్ళది, బక్కపిల్ల. తాడు దాని నడుముకి నిలవట్లేదు. అమ్మ మెడచుట్టూ చేతులు వేసి గట్టిగా కరుచుకోమన్నాడు. కరుచుకుంది. సాయంత్రానికి సముద్రం మీద పడింది. నల్లటి నీళ్ళు, వాటిలో వేళ్ళతో లేచొచ్చిన మడచెట్లు, గేదెలు, ఇళ్ళ దూలాలు. మొదటి ఊపుకి చెల్లి పట్టు వదల్లేదు. రెండోదానికీ వదల్లేదు. నీళ్ళు గొంతు దాకా వచ్చాక అమ్మ దాని చెవిలో, "దణ్ణం పెట్టుకో తల్లీ, స్వామి చూస్తాడు" అంది. మనసులో తలుచుకోమని అమ్మ ఉద్దేశం. చిన్నపిల్ల కదా, దణ్ణమంటే రెండు చేతులూ జోడించడమే దానికి తెలిసింది.

జోడించింది.

నాన్న దాని వెనకే నీళ్ళలో పడ్డాడు. ఆయన మూడో రోజు దొరికాడు, సర్కారు తుమ్మ కంపల్లో. చెల్లి దొరకలేదు.

సర్కారు లెక్కలో పదివేలమందికి దగ్గర. మావాళ్ళనడిగితే అంతకంటే చాలా ఎక్కువంటారు. ఒక్క సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు చెప్తే చాలు, ముసలివాళ్ళు ఇప్పటికీ మాట ఆపేస్తారు. ఆ తర్వాతి రోజులు నీకు వివరంగా చెప్పను. ఏ కులం, ఏ మతం అని చూడకుండా ఒకే గుట్ట పేర్చి కిరసనాయిలు పోసి కాల్చామని మాత్రం తెలుసుకో. నేనూ మోశాను. మోసిన ప్రతిసారీ చిన్నపిల్లయితే ముందు మొహం చూసేవాణ్ణి.

ఉప్పెన తర్వాత ఆరో రోజు కార్తీక పౌర్ణమి. మేం కూలిపోగా మిగిలిన ఒక బడి వరండాలో ఉన్నాం. తినడానికి పైనుంచి విసిరిన పొట్లాలు తప్ప ఏమీ లేదు, నూనెచుక్క ఎక్కణ్ణించి వస్తుంది? అమ్మ ఏం చేసిందో తెలుసా? శవాలకని తెచ్చిన కిరసనాయిలు డబ్బా దగ్గరికెళ్ళి అడుగున మిగిలింది పెంకుముక్కలోకి వంపుకొచ్చింది. తన చీర చెంగు చింపి వత్తి చేసింది. వెలిగించి వరండా చివర పెట్టింది. నా ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి కాలితో తన్నాను. పెంకు పగిలింది. అమ్మ నన్నొక్క మాటనలేదు. ఇంకో పెంకు వెతుక్కొచ్చి, మళ్ళీ చెంగు చింపింది.

అప్పుడే విజయవాడ పటమట నుంచి నాస్తిక కేంద్రం వాళ్ళు సాయానికొచ్చారు. గోరా గారు అప్పటికి రెండేళ్ళ కిందటే పోయారు. ఆయన మొదట మన జిల్లా ముదునూరులోనే 1940లో ఆ కేంద్రం పెట్టారు, తర్వాత విజయవాడ మార్చారు. ఆ జట్టులో నడివయసాయన ఒకరు నాతోపాటు మోసేవారు. రాత్రుళ్ళు ఇలాగే మంట దగ్గర కూర్చునేవాళ్ళం. దేవుడు లేడని చెప్తారేమో, వింటే మనసు కుదుటపడుతుందేమోనని ఎదురు చూశాను. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. చివరికి నేనే అడిగాను, మా చెల్లి ఎక్కడుందని. "నీళ్ళు తీసుకెళ్ళాయి నాయనా" అన్నారు. అని తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చారు. ఆయన చెప్పింది నిజమే. నాకది చాల్లేదు.

ఆయనే ఒక రాత్రి గాంధీ గారి సంగతి చెప్పారు. గోరా గారు తమ పెద్దమ్మాయికి దళితుల అబ్బాయితో పెళ్ళి తలపెట్టారు. అది సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీ గారు ఒప్పుకున్నారు. పిల్ల తండ్రి దేవుడి మాటే ఒప్పుకోరు. పెద్దాయనకి రాముడి పేరు లేనిదే పూట గడవదు. అయినా పెళ్ళి ప్రమాణాల్లో దేవుడి పేరున అనాల్సిన చోట సత్యం పేరున అందామన్నారట గాంధీ గారు. ఆ పెళ్ళి 1948 మార్చిలో జరిగింది, అప్పటికి గాంధీ గారు లేరు. ఆ కథ విని నాకు ఇద్దరి మీదా అసూయ పుట్టింది తల్లీ, నిజం చెప్తున్నాను. ఒకరు లేడని కాలు నిలదొక్కుకున్నారు, ఒకరు ఉన్నాడని నిలదొక్కుకున్నారు. నా కాళ్ళ కింద ఇసుక జారిపోతూనే ఉంది.

కాషాయం కట్టినవాళ్ళూ, మెడలో సిలువ వేసుకున్న సిస్టర్లూ కూడా వచ్చారు. అందరూ అవే శవాలు మోశారు, అదే గంజి కాచి పోశారు. వాళ్ళ చేతులకి మొక్కుతాను. ఊరి పెద్దొకాయన మాత్రం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, పూర్వజన్మ కర్మ అబ్బాయ్ అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల ఏ కర్మ చేసిందని అడగడానికి నోరు రాక లేచొచ్చాను. ఆ మాట మాత్రం నేను ఎవరితోనూ అనను. నువ్వూ అనకు.

తర్వాత నేను దేవుణ్ణి వదిలేశాననుకుంటున్నావేమో. వదల్లేదు. వదిలేస్తే ఏ బాధా లేకపోను. నాకు కావాలి. చెల్లి ఎక్కడో ఒక చోట ఉందని, ఎవరో దాన్ని ఎత్తుకున్నారని నాకు కావాలి. అందుకని వెతికాను. అయ్యప్ప మాల వేశాను. నలభై ఒక్క రోజులు చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, ఏ నియమమూ తప్పలేదు. ఇరుముడి నెత్తిన పెట్టుకుని పద్దెనిమిది మెట్లూ ఎక్కాను. పక్కనున్న స్వామి శరణమంటూ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నేను అతని కన్నీళ్ళనే చూస్తూ నిలబడ్డాను. తిరుమల ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. క్యూలో గంటలకి గంటలు నిలబడితే స్వామి ఎదుట దక్కేది క్షణకాలం. అందరూ గోవిందా అంటారు, చేతులు పైకి లేస్తాయి. నా చేతులు లేచేవి కావు. ఈలోపు జరగండి జరగండి అని నెట్టేస్తారు. బయటికొచ్చి లడ్డు చేత్తో పట్టుకుని, ఈసారీ కాలేదని మెట్ల మీద కూర్చునేవాణ్ణి. చర్చికి పోయే స్నేహితుడొకడు నా కోసం ప్రార్థన కూడా చేయించాడు. వాడి మంచితనం అర్థమైంది. అంతకుమించి ఏమీ కాలేదు.

ఇన్నేళ్ళూ అమ్మ మాత్రం ఒక్క సాయంత్రం దీపం మానలేదు. దీపం దగ్గర కూర్చుని పోతన గారి గజేంద్ర మోక్షం చదువుకునేది. చదువుకునేది అంటున్నాను గానీ, పుస్తకం అక్కర్లేదు, అంతా నోటికొచ్చు. ఐదో తరగతి దాకా చదివిన మనిషి. ఆమెకి ఎలా కుదిరిందో, నాకెందుకు కుదరలేదో అని మనసులో ఎప్పుడూ ఒక ముల్లు. పోవడానికి ఏడాది ముందు, మంచాన పడ్డాక, ఒక రాత్రి కాళ్ళు పడుతూ అడిగేశాను. "నీకెలా కుదిరిందమ్మా నమ్మకం?"

"కుదిరిందని నీకెవరు చెప్పార్రా?" అంది.

నా చేతులు ఆగిపోయాయి.

"దణ్ణం పెట్టుకోమన్నది నేనే కదా. దేవుడు లేడనుకుంటే దాని చెవిలో నేను ఉత్తమాట చెప్పినట్టు. ఉన్నాడనుకుంటే చూస్తూ ఊరుకున్నట్టు. రెండూ గొంతు దిగవు నాకు. అందుకే రోజూ దీపం పెట్టి అడుగుతున్నా. చీకట్లో అడిగితే వినపడదేమోనని" అంది. కాసేపాగి, "ఆ ఏనుగు మాత్రం? ఉన్నాడో లేడో అనుకుంటూనే కదరా పిలిచింది" అంది.

నేను బళ్ళో ఆ పద్యాలు కంఠతా పట్టినవాణ్ణే తల్లీ. మార్కులొచ్చాయి కూడా. మొసలి నోట్లో కాలు పెట్టుకుని ఏళ్ళ తరబడి పెనుగులాడి, ఒంట్లో సత్తువ అయిపోయి, ఇక నువ్వే దిక్కని శరణు వేడే పద్యం అందరికీ గుర్తుంటుంది. దానికి ముందే గజేంద్రుడికి సందేహమొస్తుంది. దీనుల పక్షాన ఉంటాడంటారే, అసలున్నాడా అనుకుంటాడు. మాకు ఏ మాస్టారూ ఆ పద్యం దగ్గర ఆగి చెప్పలేదు. పోతన గారు ఎంత భక్తుడు! ఆ అనుమానాన్ని దాచేయాలని ఆయనకి అనిపించలేదు. అనుమానపడ్డాడని స్వామి రాకుండానూ ఉండలేదు, చేతిలో ఉన్న పని ఉన్నట్టే వదిలి పరిగెత్తుకొచ్చాడు. ఐదువందల ఏళ్ళుగా మన ఇళ్ళల్లో సాయంత్రాలు చదువుకునే మొరలోనే ఈ అనుమానం ఉంది. అమ్మకి అది తెలుసు. నాకు తెలియడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

దీన్నిబట్టి దేవుడున్నాడని నీకు తేల్చి చెప్పట్లేదు. నా చెల్లి దగ్గరికి ఎవరూ పరిగెత్తుకు రాలేదు. ఆ మాట పద్యంతో చెరిపెయ్యలేను. కానీ ఆ రాత్రి తర్వాత నేను దొంగనన్న భావన పోయింది. అంతకుముందు గుళ్ళో నిలబడితే, లోపల ఖాళీ పెట్టుకుని భక్తుల మధ్య దూరిన దొంగలా ఉండేది. ఇప్పుడు అలా లేదు. అడగడానికి వచ్చినవాణ్ణి. అంతే.

అమ్మ పోయాక దీపం నేనే పెడుతున్నాను. మీ బామ్మ చాలాసార్లు తను పెడతానంది, ఇవ్వలేదు. వెలిగించేటప్పుడు చెల్లి పేరు ఒకసారి పైకి అంటాను. గుళ్ళో మాత్రం చేతులు ఇంకా జోడించలేదు. నువ్వు చూసే ఉంటావు, ధ్వజస్తంభం పక్కన రాతిస్తంభానికి కుడిచెయ్యి ఆనించి నిలబడతాను. తాతయ్యకి మోకాళ్ళ నొప్పులని అందరూ అనుకుంటారు. మోకాళ్ళు బాగానే ఉన్నాయమ్మా. ఒక చెయ్యి ఏదో ఒకదాన్ని పట్టుకుని ఉండాలి నాకు, వదలలేను. రెండో చెయ్యి మాత్రం ఈ మధ్య గుండె దాకా వస్తోంది. అరవై అయిదేళ్ళకి ఇంతవరకొచ్చాను.

మంట తగ్గిపోయింది. ఆ నిప్పుల మీద నాలుగు చెంబుల నీళ్ళు చల్లు, లేకపోతే గాలికి నిప్పు గడ్డివాము మీద పడుతుంది. ధనుర్మాసం కదా, రేపు తెల్లవారుజామున నాలుగున్నరకే గుడి తలుపులు తీస్తారు. పొంగలి వేడిగా పెడతారు. నమ్మకం కుదిరాక వద్దామని ఆగకు, కుదరకపోయినా రా. స్తంభానికి రెండో వైపు చోటుంది. లేపమంటావా?