చిన్న దెబ్బే అనుకున్నారు

2009 మార్చి 16. సోమవారం, మధ్యాహ్నం పన్నెండు దాటింది.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం. లారెన్షియన్ కొండల్లో మోం ట్రాంబ్లాన్ స్కీ రిసార్ట్. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం వదిలిన వాలు అది. ఏటవాలు పెద్దగా లేదు. నలభై అయిదేళ్ల ఆవిడ స్కీలు కట్టుకుని నేర్చుకుంటోంది. పక్కనే ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. పాఠం అయిపోవచ్చింది. ఇంకాసేపట్లో కిందికి చేరిపోతారు.

ఇంతలో పట్టు తప్పింది. పడిపోయింది.

ఎవరూ వచ్చి గుద్దలేదు. పైకి ఒక్క గాయం కూడా కనబడలేదు. లేచి కూర్చుంది, మాట్లాడింది, తన మీద తనే జోకులేసుకుంది. గస్తీ సిబ్బంది పరుగున వచ్చారు. రూలు ప్రకారం ఆవిణ్ణి జాగ్రత్తగా కొండ కిందికి దించారు, డాక్టరుకి చూపించుకోమన్నారు, ఆవిడ వద్దంటే మళ్లీ చెప్పారు. ఆవిడ మాత్రం బాగానే ఉన్నానంది.

12.43కి అంబులెన్స్ బయల్దేరింది. ఒంటిగంటకల్లా వచ్చేసింది. అవసరం లేదన్నారు. వచ్చిన బండి వచ్చినట్టే తిరిగి వెళ్లిపోయింది.

ఆవిడ తల మీద హెల్మెట్ లేదు. లోపల నెత్తురు చేరుతోందని ఎవరికీ తెలీదు.

ఆవిడ పేరు నటాషా రిచర్డ్‌సన్. తల్లి నటి వనెస్సా రెడ్‌గ్రేవ్, తండ్రి దర్శకుడు టోనీ రిచర్డ్‌సన్. నాటకరంగంలో తరాలుగా పాతుకుపోయిన కుటుంబం. బ్రాడ్వేలో ‘క్యాబరే’కి 1998లో టోనీ అవార్డు అందుకుంది. అదే ఏడాది ‘ది పేరెంట్ ట్రాప్’ సినిమాలో కవలపిల్లల తల్లిగా వేసింది. మన ‘లేత మనసులు’ చూసినవాళ్లకి ఆ కథ కొత్తేమీ కాదు. విడిపోయిన అమ్మానాన్నల్ని పిల్లలు కలుపుతారు. తెలుగులో జమున వేసిన తల్లి పాత్రే ఇంగ్లిష్‌లో ఈవిడది. నిజజీవితంలో ఆవిడకి ఇద్దరు కొడుకులు. ఒకడికి పదమూడు, ఇంకొకడికి పన్నెండు. భర్త లియామ్ నీసన్ ఆ రోజు టొరంటోలో షూటింగ్‌లో ఉన్నాడు. కూతుర్ని ఎత్తుకుపోయినవాళ్ల వెంటపడి ప్రాణాలతో తెచ్చుకునే తండ్రిగా ఆయన నటించిన ‘టేకెన్’ అమెరికా థియేటర్లకొచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

ఆయనకి భార్య నుంచి ఫోనొచ్చింది. మంచులో కాస్త దొర్లిపడ్డానంది. అంతే.

హోటల్ గది. తలుపు వేసుంది. ఇన్‌స్ట్రక్టర్ అక్కడిదాకా తోడొచ్చాడు. డాక్టరుకి చూపించుకోమని మళ్లీ చెప్పారు. ఆవిడ మళ్లీ వద్దంది. మొండితనం అనుకోవడానికి లేదు. ఆ స్థితిలో ఎవరైనా అదే అంటారు. నొప్పి లేదు, నడుస్తున్నాం, మాట్లాడుతున్నాం, ఇంత చిన్నదానికి ఆస్పత్రి ఏమిటి?

సరిగ్గా అక్కడే ఉంది ప్రమాదం.

కణత దగ్గర పుర్రె ఎముక చాలా పలచన. దానికి ఆనుకుని లోపలి వైపు ఒక ధమని పోతుంది. దెబ్బకి ఎముక చిట్లితే ఆ ధమని తెగొచ్చు. కారిన నెత్తురు పుర్రెకీ, మెదడు మీది గట్టి పొరకీ మధ్య చేరుతుంది. మొదట్లో మెదడు సర్దుకుంటుంది, మనిషి మామూలుగానే ఉంటాడు, నవ్వుతాడు, ఫోన్లు చేస్తాడు, కాఫీ అడుగుతాడు, ఇంటికెళ్లిపోతానంటాడు. లోపల మాత్రం గడ్డ పెరుగుతూ మెదడుని ఒకవైపుకి నెట్టుకుంటూ పోతుంది. పుర్రె సాగదు కదా. ఇక చోటు లేదన్న క్షణాన అంతా ఒక్కసారిగా తిరగబడుతుంది. డాక్టర్లు దీన్ని ఎపిడ్యూరల్ హెమటోమా అంటారు. వేళకి పుర్రె తెరిచి నెత్తురు తీసేస్తే చాలామంది బతికి బయటపడతారు. వేళ మించితే ఎంత గొప్ప సర్జనైనా ఏమీ చెయ్యలేడు.

పడిన గంటకి ఆవిడకి ఒంట్లో బాగాలేదు.

మధ్యాహ్నం మూడింటికి అంబులెన్స్ కోసం రెండో ఫోన్ వెళ్లింది. ఈసారి అంబులెన్స్‌ని ఎవరూ తిప్పి పంపలేదు. సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో సాంత్ అగాత్ అనే ఊళ్లో ఆస్పత్రి ఉంది. అక్కడికి చేరేసరికి నాలుగు దాటింది. మొదటి అంబులెన్స్ బయల్దేరి అప్పటికి మూడున్నర గంటలు. మెదడు గాయాలకి పెద్ద వైద్యం కావాలంటే ఇంకా ముందుకి, మాంట్రియల్‌కి పోవాలి. రోగుల్ని గాల్లో తీసుకెళ్లే హెలికాప్టర్ సర్వీసు క్యూబెక్‌లో అప్పటికి లేదు. రోడ్డే దిక్కు.

సాయంత్రం. బండి మాంట్రియల్ దారి పట్టింది.

ఆ శీతాకాలంలో మంచు మీద పడి తల పగిలిన మొదటి మనిషి ఆవిడ కాదు.

పదిన్నర వారాల ముందు, సరిగ్గా జనవరి ఒకటిన, ఆస్ట్రియాలోని స్టిరియా కొండల్లో, రీస్నరాల్మ్ అనే చోట, రెండు స్కీ దారులు కలిసే మలుపు దగ్గర ఇద్దరు ఒకర్నొకరు గుద్దుకున్నారు. ఒకాయన డీటర్ ఆల్టౌస్. జర్మనీలో తురింగియా రాష్ట్రానికి అప్పటి ముఖ్యమంత్రి. ఇంకొకరు ఒక మామూలు మహిళ. ఆయన తలకి హెల్మెట్ ఉంది. ఆవిడ తలకి లేదు. ఇద్దరికీ తలకే దెబ్బ. ఆయన పుర్రెకి గట్టి గాయమైంది, కొన్నాళ్లు కృత్రిమ కోమాలో ఉంచారు, కోలుకున్నాడు. ఆవిడ ఆస్పత్రికి చేరే దారిలోనే కన్నుమూసింది. తప్పు ఆయనదేనని మార్చి మొదట్లో ఆస్ట్రియా కోర్టు తేల్చింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యాడని 33,300 యూరోల జరిమానా వేసింది. తప్పు చేసినవాడు బతికాడు. ఆవిడ పోయింది.

జర్మనీ, ఆస్ట్రియా షాపుల్లో హెల్మెట్లు దొరక్కుండా పోయాయి. కొనేవాళ్లు ఎగబడ్డారు. ఆ కబురు అట్లాంటిక్ దాటి మోం ట్రాంబ్లాన్ దాకా పోలేదు. పోయినా, కొత్తవాళ్ల వాలు మీద మెల్లగా జారేవాళ్లకి అది తమ గురించే అనిపించి ఉండదు.

మాంట్రియల్. సాక్రే కేర్ ఆస్పత్రి.

నీసన్ టొరంటో నుంచి విమానమెక్కి వచ్చాడు. ఎమర్జెన్సీలోకి అడుగు పెట్టాడు. లోపల డెబ్బై ఎనభైమంది ఉన్నారు. విరిగిన చేతులు, కమిలిన కళ్లు. ప్రపంచమంతా మొహం తెలిసిన నటుణ్ణి ఆ గదిలో ఒక్కరు కూడా గుర్తుపట్టలేదు. భార్యని చూడాలన్నాడు. వీల్లేదన్నారు.

బయటికొచ్చాడు. గడ్డకట్టే చలి. లోపలికి ఎలా పోవాలో తోచలేదు. గోడవారగా ఇద్దరు నర్సులు సిగరెట్ తాగుతున్నారు. దగ్గరికెళ్లాడు. ఒకామె గుర్తుపట్టింది. అదుగో ఆ వెనక తలుపు, లోపలికెళ్లి ఎడమకి తిరగండి, ఆ గదిలో ఉన్నారు అంది. ఎవరైనా తనని గుర్తుపట్టినందుకు అంతగా పొంగిపోయింది చాలా ఏళ్లలో అప్పుడేనని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

ఎడమకి తిరిగాడు.

కుర్ర డాక్టర్లు ఎదురొచ్చారు. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో అనిపించేంత చిన్నవాళ్లు. వాళ్లే చెప్పారు. మెదడు చచ్చిపోయింది. గుండెనీ ఊపిరినీ మిషన్లు నడిపిస్తున్నాయి. తీసిన చిత్రాలు చూపించారు. నీసన్ లోపలికెళ్లి భార్య పక్కన నిలబడి, తలకి దెబ్బ తగిలిందని, ఇందులోంచి వెనక్కి రాలేవని ఆవిడకే నెమ్మదిగా చెప్పాడు. తమలో ఎవరికైనా అలాంటి గతి పడితే మిషన్ల మీద బతికించొద్దని ఆ ఇద్దరూ ఎప్పుడో మాటిచ్చుకున్నారు. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాల్సిన మనిషి ఆయన.

కానీ అక్కడ కాదు. పిల్లలు చూడాలి. తల్లి చూడాలి.

మర్నాడు న్యూయార్క్‌కి తీసుకెళ్లారు. లెనాక్స్ హిల్ ఆస్పత్రి. వనెస్సా వచ్చింది. చెల్లెలు జోయెలీ వచ్చింది. కొడుకులొచ్చారు. మార్చి 18, బుధవారం, నటాషా రిచర్డ్‌సన్ చనిపోయింది. ఆవిడ గుండె, కాలేయం, మూత్రపిండాలు ముగ్గురి ప్రాణాలు నిలబెట్టాయి. తలకి తగిలిన దెబ్బ వల్ల ఎపిడ్యూరల్ హెమటోమా, ప్రమాదం అని న్యూయార్క్ మెడికల్ ఎగ్జామినర్ రాశారు. గురువారం రాత్రి ఎనిమిదింటికి బ్రాడ్వే థియేటర్లు ఒక్క నిమిషం దీపాలు తగ్గించాయి.

మర్నాటి నుంచి అందరి నోటా ఒకటే ప్రశ్న. హెల్మెట్ ఉండి ఉంటే?

ఆ ఒక్క తల గురించి ఖాయంగా చెప్పగలవాళ్లు లేరు. కానీ చాలా తలల లెక్క అప్పటికే తేలింది. నార్వేలో ఎనిమిది రిసార్టుల్లో గాయపడినవాళ్లనీ, క్షేమంగా దిగినవాళ్లనీ పోల్చి చూసిన పరిశోధన 2006లో అమెరికా వైద్య సంఘం పత్రిక ‘జామా’లో వచ్చింది. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకి తలకి గాయమయ్యే అవకాశం 60 శాతం తక్కువ.

వద్దనేవాళ్ల వాదనా విందాం. మరీ వేగంగా పోతూ చెట్టుని గుద్దితే హెల్మెట్ ఏం ఆపుతుంది అంటారు. అది నిజమే. హెల్మెట్‌ని ఒకసారి తిరగేసి చూడండి. పైన గట్టి డొప్ప. లోపల వేలు మందాన నురగ పొర, టీవీ అట్టపెట్టెలో వచ్చే థర్మాకోల్ జాతిదే. దెబ్బ పడగానే ఆ పొర నలిగిపోతుంది. నలగడమే దాని పని. నలుగుతూ దెబ్బని తను మింగి తలకి తక్కువ వదులుతుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ పనికిరాదు, పారెయ్యాలి. యూరప్ ప్రమాణం ప్రకారం దాన్ని మీటరున్నర ఎత్తు నుంచి ఉక్కు దిమ్మె మీద వదిలి చూస్తారు. కింద తాకేటప్పటి వేగం గంటకి సుమారు ఇరవై కిలోమీటర్లు. చాలామంది స్కీయర్లు కొండ మీద నలభై దాటి పోతుంటారు. ఆ వేగంలో నిటారు చెట్టుని నేరుగా గుద్దితే ఈ నురగ పొర చాలదు.

మరి ఏ దెబ్బకి చాలుతుంది? నిలబడ్డ మనిషి పట్టు తప్పి, గడ్డకట్టిన మంచు మీద తల కొట్టుకునే దెబ్బకి. మెల్లగా పోతూ పడిపోయినప్పటి దెబ్బకి. అంటే కొత్తవాళ్ల వాలు మీద పడేవాళ్లకి. హెల్మెట్ దూకుడుగాళ్లకని అందరూ అనుకుంటారు. అది బాగా పనిచేసేది మాత్రం జాగ్రత్తపరుల తల మీద.

అమెరికా స్కీ రిసార్టుల్లో 2002-03లో నూటికి పాతికమంది హెల్మెట్ పెట్టుకునేవారు. నటాషా పోయిన తర్వాతి సీజన్‌లో ఆ సంఖ్య 57. క్యూబెక్‌లో చట్టం చెయ్యాలని చర్చ లేచింది.

2013 డిసెంబర్ 29. ఫ్రాన్స్, మెరిబెల్. ఏడుసార్లు ఫార్ములా వన్ చాంపియన్ మైకేల్ షూమాకర్ రెండు దారుల మధ్య రాళ్లున్న చోట పడ్డాడు. తల రాతికి తగిలింది. హెల్మెట్ పగిలిపోయింది. చూశారా, పెట్టుకున్నా ఏం లాభం అన్నారు కొందరు. గ్రెనోబుల్ డాక్టర్లు చెప్పింది వేరు. అది లేకపోతే ఆయన తమ దాకా ప్రాణాలతో వచ్చేవాడే కాదన్నారు.

ఇటలీ 2005లో పద్నాలుగేళ్లలోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి చేసింది. 2022లో పద్దెనిమిదేళ్ల దాకా పెంచింది. 2025 నవంబర్ నుంచి అక్కడ వయసుతో పనిలేదు, కొండెక్కే ప్రతి తలకీ ఉండాల్సిందే. దాని కోసం ఇరవై ఏళ్లు పట్టింది.

చలికాలం వస్తే మన పిల్లలూ మంచు వెతుక్కుంటూ గుల్‌మర్గ్, ఔలీ, సోలాంగ్ పోతున్నారు. అమెరికా, కెనడాల్లో స్థిరపడ్డవాళ్లు వారాంతాల్లో స్కీ కొండలెక్కుతున్నారు. దాదాపు అందరూ కొత్తవాళ్లే. స్కీలూ బూట్లూ అద్దెకి తీసుకునే చోటే హెల్మెట్ కూడా అడగండి. లేదంటే ఇంకో షాపుకెళ్లండి. తలకి సరిపోయేది చూసుకుని గడ్డం కింద పట్టీ బిగించండి. తోడొచ్చినవాళ్లు ఎవరైనా పడి తల కొట్టుకుంటే, నవ్వుతూ లేచినా సరే, బాగానే ఉన్నానన్నా సరే, గదికి పంపకండి. ఆస్పత్రికి తీసుకెళ్లండి. అంబులెన్స్ వస్తే తిప్పి పంపకండి.