భక్తుల సినిమాలు, దర్శకుడి బాణీ: అన్నమయ్య నుంచి హాథీరాం దాకా

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో అన్నమయ్య అంటే చాలామందికి కళ్లముందు నిలిచేది నాగార్జున. చరిత్ర పుస్తకం చేరని వాడలకు సినిమానే చరిత్ర. కాబట్టి దర్శకుడి అభిరుచులను ఆయన సొంత గొడవ అని వదిలేయలేం. అవి మన జ్ఞాపకంలోకి వచ్చి కూర్చుంటున్నాయి.

కె. రాఘవేంద్రరావు 1975లో 'బాబు'తో దర్శకుడయ్యారు. 1977లో 'అడవిరాముడు' ఆయన బాణీని జనానికి చాటింది. హీరో చుట్టూ తిరిగే కథ, ఇద్దరు నాయికలు, రంగురంగుల యుగళగీతాలు, పూలూ పండ్లూ. ఈ సరంజామాతోనే ఆయన భక్తుల జీవితాల్లోకి వచ్చారు. 'అన్నమయ్య' (1997), 'శ్రీరామదాసు' (2006), 'ఓం నమో వేంకటేశాయ' (2017). మూడింటికీ హీరో నాగార్జునే, రచయిత జె.కె. భారవే, సంగీతం కీరవాణిదే.

అన్నమయ్య (1408-1503) జీవితానికి ముఖ్య ఆధారం ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర. అందులో మలుపు ఎక్కడుందో చూడండి. ఉమ్మడి కుటుంబంలో అందరూ పని చెబుతారు. పిల్లవాడు గడ్డి కోయడానికి పోతాడు. కొడవలి తగిలి వేలు తెగుతుంది. ఈ బంధుత్వాలు ఏం బంధుత్వాలని విరక్తి పుట్టి, తిరుమల పోయే యాత్రికుల గుంపులో కలిసిపోతాడు. ఆ కొడవలి, ఆ గడ్డి, ఆ నెత్తురు మన వాడల్లో ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. బ్రాహ్మణ ఇంటి పిల్లవాడి కథలో అయినా శ్రమ ఒక్క క్షణం కనిపించింది. సినిమాలో బరువంతా ఇద్దరు మరదళ్లతో సరసం మీద పడింది. ఆ సరసం మధ్యలోకి దేవుడే మారువేషంలో వచ్చి మనసు మళ్లిస్తాడు. దర్శకుడికి అలవాటైన యుగళగీతం కొడవలి స్థానాన్ని తీసుకుంది.

ఇదే బాణీ చేసిన మేలు కూడా ఒప్పుకోవాలి. తిరుమల గుడిలోని చిన్న అరలో శతాబ్దాలు పడివున్న రాగిరేకుల కీర్తనలు 1920లలో పండితులకు అందినా, టీకొట్టు దాకా, వాడలో మైకు దాకా వాటిని తెచ్చింది ఎక్కువగా ఈ సినిమానే. కీరవాణికి జాతీయ అవార్డు వచ్చింది. అయితే బ్రాహ్మణుడూ చండాలుడూ నిలబడే నేల ఒక్కటేనన్న కవి కంటే మరదళ్ల బావే తెరమీద పెద్దగా కనిపించాడు.

హాథీరాం బావాజీ విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. ఐతిహ్యంలో ఆయన ఉత్తరాది నుంచి వచ్చిన బైరాగి, దేవుడితో పాచికలాడినోడు. లంబాడీలు ఆయన్ను తమవాడిగా కొలుస్తారు. సినిమా ఈ బైరాగికి కూడా ఒక మరదలిని తెచ్చిపెట్టింది! ఆయన పేరుతో వెలసిన మఠం మహంతులే 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ పాలన చేశారు. గుడి సొమ్ము, పెత్తనం ఎవరి చేతుల్లో తిరిగాయన్నది అసలు చరిత్ర. తెరమీద అది ఒక చెడ్డ అధికారికీ ఒక మంచి భక్తుడికీ తగాదాగా తేలిపోతుంది. హీరో ఒక్కడే గెలవాలన్న బాణీలో సంస్థకు, సమూహానికి చోటుండదు. తమవాడని కొలిచే లంబాడీలకు అందులో తమ ముఖం ఎక్కడ దొరుకుతుంది?

యుగళగీతాలు తగ్గిస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. 1947లో కె.వి. రెడ్డి తీసిన 'యోగి వేమన' నిదానంగా, నిగ్రహంగా నడుస్తుంది. నాగయ్య నటన గొప్పది. కానీ ఆ నిగ్రహం కూడా అన్న కూతురి చావుకు కుంగిపోయిన వేమననే ముందుకు తెచ్చింది. మాలవాణ్ణి ఎందుకు తిడతారని నిలదీసిన వేమన వెనకబడ్డాడు. ఒక దర్శకుడిది సరసం, ఇంకొకరిది విషాదం. రెండింటిలోనూ మనిషి ఒంటరివాడే. అతని చుట్టూ ఉన్న కులం, పని, ఆస్తి అందరికీ మామూలే అన్నట్టు మసకబారతాయి.

కాబట్టి జీవితచరిత్ర సినిమాను చూసినప్పుడు 'ఇది నిజమా, కల్పనా' అని అడిగి ఊరుకుంటే చాలదు. ఈ దర్శకుడు పదేపదే దేన్ని పెద్దది చేస్తాడు, దేన్ని దాటేస్తాడు అని కూడా అడగాలి. అన్నమయ్య ద్విపదను, మఠం రికార్డులను, లంబాడీ తండాల్లోని బావాజీ పాటలను పక్కపక్కన పెట్టి చదివే పని మన పరిశోధకులదే. ఆ పని మనం చెయ్యకపోతే, రేపు మన నాయకుల కథలు తెరకెక్కినప్పుడు కూడా ఎవరో ఒకరి బాణీనే మన చరిత్ర అయి కూర్చుంటుంది.