ఎండలో ఆగిన అంబాసిడర్లు: కోవూరు రహదారిపై ఒక సాంకేతిక చరిత్ర

నెల్లూరు నుంచి పెన్న వంతెన దాటితే కోవూరు వస్తుంది. 2010లో నెంబర్లు మార్చేవరకు మద్రాసు-కలకత్తా దారిని ఐదో నెంబరు జాతీయ రహదారి అనేవారు. 1970లలో మే నెల మధ్యాహ్నాలు ఈ దారి పక్కన బానెట్ ఎత్తి నిలిపిన అంబాసిడర్లు, ఫియట్లు కనిపించేవి. డ్రైవరు పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు నీడన బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. లారీలు మాత్రం ఆగకుండా సాగిపోయేవి. ఈ తేడా ఎందుకో ముందు గ్రహించండి.

పెట్రోలు అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులోని తేలిక భాగాలు సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడతాయి. ఆనాటి కార్లలో సాధారణంగా పంపును ఇంజనుకే బిగించేవారు. అది వెనకనున్న ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చాలి. పీల్చే గొట్టంలో పీడనం తగ్గుతుంది, దానితో మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. గొట్టంలో ఆవిరి చేరితే పంపు దానినే నొక్కి వదులుతుంది తప్ప పెట్రోలును కార్బురేటరుకు అందించలేదు. దీనిని వేపర్ లాక్ అంటారు. మన మెకానిక్కులు 'ఎయిర్ పట్టింది' అనేవారు గాని, అక్కడ ఉన్నది గాలి కాదు, పెట్రోలు ఆవిరే. డీజిలు మరగడానికి ఎంతో ఎక్కువ వేడి కావాలి కనుక లారీలకు ఈ బాధ లేదు.

ఇక చరిత్ర. అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ప్రీమియర్ పద్మినికి మూలం ఇటలీలోని ఫియట్ 1100. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసులను ప్రభుత్వం ఆమోదించాక, దేశంలోనే తయారుచేసే ప్రణాళిక లేని సంస్థలు తప్పుకోవలసి వచ్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ అలాగే వెళ్లిపోయాయి. పోటీ కరవైంది. 1950ల చివర ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 వరకు సాగింది. అయితే నేరమంతా లైసెన్సు విధానం మీద మోపడం తొందరపాటు. అమెరికాలోనూ వేసవిలో, కొండదారుల్లో కార్లు ఇలాగే ఆగేవి. చల్లని దేశపు నమూనా దశాబ్దాలపాటు పెద్ద మార్పు లేకుండా మన ఎండలో తిరగడమే ఇక్కడి ప్రత్యేకత.

ఆ లోటును పూడ్చినవారు షెడ్డు మనుషులు. పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు దూరంగా జరిపేవారు, లేదా దానికి ఆస్బెస్టాస్ తాడు చుట్టేవారు. పంపుకూ ఇంజనుకూ మధ్య వేడిని అడ్డుకునే మందపాటి దిమ్మ పెట్టేవారు. ఫ్యాన్ బెల్టు బిగువు, రేడియేటరు శుభ్రత చూసేవారు. స్తోమత ఉన్నవారు ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టించేవారు. అది పెట్రోలును పీల్చదు, నెడుతుంది కనుక గొట్టంలో పీడనం పెరిగి ఆవిరి పుట్టడం తగ్గుతుంది. బండి నడుస్తున్నప్పటికంటే టీ కోసం ఆపినప్పుడే ప్రమాదం ఎక్కువని వారికి తెలుసు. ఫ్యాను, నీటి ప్రవాహం ఆగిపోగానే ఇంజను వేడంతా పంపుకు, కార్బురేటరుకు ఎక్కుతుంది. అందుకే ఆపగానే బానెట్ ఎత్తేవారు. తడిగుడ్డ పంపు మీదే వేసేవారు, కాగిన ఇంజను మీద నీళ్లు కుమ్మరిస్తే పోత ఇనుము బీటలు వారవచ్చు.

ట్యాంకులోనే పంపు ఉండే ఇంజెక్షన్ కార్లు వచ్చాక ఈ విద్య అవసరం తగ్గింది. పాత కారు ఉంచుకున్నవారికి మాత్రం చిక్కు తీరలేదు, పెట్రోలులో కొద్దిపాళ్లలో ఇథనాల్ కలిపినప్పుడు ఆవిరయ్యే గుణం పెరుగుతుంది. మీ ఊళ్లో 1970లు, 80లలో టాక్సీ నడిపినవారు ఉంటే, మే నెలలో బండిలో ఏయే సరంజామా పెట్టుకునేవారో, ఏ వేళకు బయలుదేరేవారో అడిగి, వారి మాటల్లోనే రాసుకొని తరగతికి తీసుకురండి.